ఇల్లు మెయిన్ బజార్‌లో ఉంటే పాయింట్లు ఎక్కువొస్తాయా? హోమ్ ఎక్స్ఛేంజ్ లెక్క వేరే.. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లకు ఎలా పనిచేస్తుందంటే!

హిందూపురం మెయిన్ బజార్‌లో రెండు గదుల పాత ఇల్లు ఒకటి. లేపాక్షి రోడ్డు వైపు మూడు బెడ్‌రూమ్‌ల కొత్త ఇల్లు ఇంకొకటి. రెండింట్లో ఏది విలువైనది అని అడిగితే ఊళ్లో ఎవరైనా బజార్‌లో ఉన్న ఇంటి వైపే చెయ్యి చూపిస్తారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క కూడా చాలావరకు అదే. కానీ అవే రెండు ఇళ్లను హోమ్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో పెడితే లెక్క తిరగబడే ఛాన్స్ ఉంది!

పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో సెటిలయ్యారు. ఇక్కడ ఇల్లు ఖాళీగా ఉంది. రిటైరయ్యాక నాలుగు ఊళ్లు తిరగాలనుంది, కానీ హోటల్ ఖర్చు చూస్తే గుండె ఆగుతుంది. ఇలాంటివాళ్ల కంట ఈ హోమ్ ఎక్స్ఛేంజ్ వీడియోలు ఎక్కువగా పడుతున్నాయి. 'మీ ఇల్లు వాళ్లకు, వాళ్ల ఇల్లు మీకు.. అద్దె లేకుండా ప్యారిస్‌లో వారం' అనేది ఆ వీడియోల సారాంశం. అందులో నిజం ఉంది. కానీ మన ఇంటికి ఎంత విలువ కడతారు, ఊరి మధ్యలో ఉంటే ఎంత కలిసొస్తుంది అన్నది తెలియకుండా దిగితే నిరాశ తప్పదు. ఆ లెక్కేంటో చూద్దాం.

అసలు హోమ్ ఎక్స్ఛేంజ్ అంటే ఏంటి?

ముందు ఒక కన్‌ఫ్యూజన్ క్లియర్ చేసుకోవాలి. మన దగ్గర 'ఇల్లు మార్పిడి' అంటే చాలామందికి గుర్తొచ్చేది మార్పిడి దస్తావేజు. అన్నదమ్ములో, పక్కపక్క ఇళ్లవాళ్లో ఒకరి ఆస్తి ఇంకొకరికి రాసిచ్చుకోవడం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 118వ సెక్షన్ చెప్పేది దాని గురించే. అందులో యాజమాన్యమే మారుతుంది. రెండు ఆస్తుల్లో ఏది ఎక్కువ విలువైనదో దాని మీద స్టాంప్ డ్యూటీ కట్టాలి.

హోమ్ ఎక్స్ఛేంజ్ అది కాదు. ఇల్లు మీదే, కాగితాలు మీవే. కొన్ని రోజులు వేరేవాళ్లు వచ్చి ఉండి వెళతారు, అంతే. చుట్టాలింట్లో దిగినట్టే. కాకపోతే ఇక్కడ చుట్టరికం బదులు వెబ్‌సైట్ ఉంటుంది.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఐడియా కాదు. యూరప్‌లో ఇంటర్‌వ్యాక్ అనే సంస్థ 1953లోనే దీన్ని మొదలుపెట్టింది. దాని వెనక ఉన్నది టీచర్లు. సెలవులు ఎక్కువ, జీతం తక్కువ.. అందుకే ఒకరి ఇంట్లో ఒకరు దిగే పద్ధతి పెట్టుకున్నారు. తర్వాత 1992లో అమెరికాలో హోమ్‌ఎక్స్ఛేంజ్ వచ్చింది. 2006లో కేట్ విన్‌స్లెట్, కామెరూన్ డియాజ్ నటించిన 'ది హాలిడే' సినిమాతో ఈ పద్ధతి ప్రపంచమంతా తెలిసింది. 2017లో ఫ్రాన్స్‌కు చెందిన గెస్ట్‌టుగెస్ట్ అనే కంపెనీ ఈ హోమ్‌ఎక్స్ఛేంజ్‌ను కొనేసింది. ఇప్పుడు రెండూ కలిసి హోమ్‌ఎక్స్ఛేంజ్ పేరుతోనే నడుస్తున్నాయి.

విలువ కట్టడంలో మూడు పద్ధతులు

అన్ని వెబ్‌సైట్లూ ఒకేలా లెక్క కట్టవు. ప్రధానంగా మూడు రకాలున్నాయి.

1. నేరుగా మార్పిడి: ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. ఇంటికి విలువే కట్టరు. 'ది హాలిడే' సినిమాలో జరిగింది ఇదే. ఇంగ్లండ్ పల్లెలో ఒక చిన్న ఇల్లు, లాస్ ఏంజెలెస్‌లో స్విమ్మింగ్ పూల్ ఉన్న పెద్ద బంగ్లా. రెండింటి ధరల మధ్య పోలికే లేదు. అయినా మారాయి. ఎందుకంటే ఆమెకు ఈ ఇల్లు కావాలి, ఈమెకు ఆ ఇల్లు కావాలి.

2. పాయింట్ల పద్ధతి: హోమ్‌ఎక్స్ఛేంజ్‌లో వీటిని గెస్ట్‌పాయింట్స్ అంటారు. ప్రతి ఇంటికీ ఒక రాత్రికి ఇన్ని పాయింట్లు అని ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే మీకు పాయింట్లు వస్తాయి. వాటిని దాచుకుని, ఇంకెక్కడో ఇంకెవరి ఇంట్లోనో ఖర్చు పెట్టుకోవచ్చు. ఇద్దరూ ఒకేసారి ఇళ్లు మార్చుకోవాల్సిన పనిలేదు. ఈ పాయింట్లను డబ్బుగా మార్చుకోవడం మాత్రం కుదరదు.

3. రాత్రికి రాత్రి: 2022లో అమెరికాలో మొదలైన కిండ్రెడ్ పద్ధతి ఇది. మీరు ఒక రాత్రి ఇస్తే ఒక క్రెడిట్. ఆ క్రెడిట్‌తో ఎక్కడైనా ఒక రాత్రి. సిటీ మధ్యలో ఉన్నా, శివార్లలో ఉన్నా లెక్క ఒకటే. క్లీనింగ్, సర్వీస్ ఫీజులు మాత్రం అతిథి విడిగా కట్టుకోవాలి. ఇది ప్రస్తుతానికి ప్రధానంగా ఉత్తర అమెరికా, యూరప్ నగరాల్లో నడుస్తోంది.

'సెంటర్‌లో ఉంది కాబట్టి ఎక్కువ' అన్న మాటకు అర్థం ఉండేది రెండో పద్ధతిలోనే. కాబట్టి అసలు కథ అక్కడే.

పాయింట్లు ఎలా లెక్కేస్తారు?

హోమ్‌ఎక్స్ఛేంజ్ చెప్పే ప్రకారం నాలుగు విషయాలు చూస్తారు.

• ఇల్లు ఎక్కడుంది
• ఎంతమంది పడుకోవచ్చు
• ఇంటి విస్తీర్ణం ఎంత
• ఏ సౌకర్యాలున్నాయి

ఈ లిస్టులో ఏముందో కాదు, ఏం లేదో చూడండి. గజం ధర లేదు. వీధి ముందు షాపులు ఎన్ని ఉన్నాయన్నది లేదు. ఇంటి మీద వచ్చే అద్దె లేదు. రేపు అమ్మితే ఎంత వస్తుందన్నది లేదు. మన దగ్గర ఇంటి విలువ అనగానే మాట్లాడుకునేవన్నీ ఇక్కడ పక్కకు పోతాయి.

'ఎక్కడుంది' అన్న మొదటి పాయింట్‌లో కూడా చూసేది ఆ ప్రాంతానికి రావాలని ఎంతమంది కోరుకుంటారన్నదే. ప్యారిస్, బార్సిలోనా, న్యూయార్క్ లాంటి చోట్ల సిటీ సెంటర్‌కు విలువ ఉండేది ఇందుకే. మ్యూజియం, పాత కోట, నది ఒడ్డు, మెట్రో స్టేషన్.. అన్నీ అక్కడే ఉంటాయి. అతిథి తలుపు తీసుకుని బయటికి వస్తే చాలు, చూడాల్సినవి నడిచి చూడొచ్చు. అక్కడ భూమి ధర, అతిథి కోరిక రెండూ ఒకే చోట కలిశాయి. అంతేగానీ భూమి ధర ఎక్కువ కాబట్టి పాయింట్లు ఎక్కువ రాలేదు.

అక్కడ కూడా ఇంకో మెలిక ఉంది. సిటీ సెంటర్ ఇళ్లు సాధారణంగా చిన్నవి. ఇద్దరు మాత్రమే పడుకోగలిగే ఒంటిగది ఇంటికి లొకేషన్‌లో మార్కులు పడ్డా, మంచాల దగ్గర, విస్తీర్ణం దగ్గర తగ్గిపోతాయి. ఊరి చివర ఆరుగురు పడుకోగలిగే ఇల్లు దాన్ని దాటేయొచ్చు. పిల్లాపాపలతో తిరిగే కుటుంబాలకు ముందు కావాల్సింది మంచాలే కదా.

మన హైదరాబాద్‌నే తీసుకోండి. సిటీకి సెంటర్ ఏది? చార్మినారా, హైటెక్ సిటీనా? చరిత్ర చూద్దామని వచ్చినవాళ్లకు చార్మినార్. ఐటీ ఆఫీసులో పని ఉన్నవాళ్లకు హైటెక్ సిటీ. సెంటర్ అనేది మ్యాప్‌లో ఉండే చుక్క కాదు. వచ్చినవాళ్ల పనిని బట్టి మారిపోతుంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క వేరు

మరి మన ఊళ్లలో ఇంటికి విలువ కట్టేది ఎవరు? మొదట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ పట్టణాల్లో ప్రాంతాలు, వీధులు, డోర్ నంబర్ల వారీగా గజానికి మార్కెట్ విలువ ఫిక్స్ చేస్తుంది. నివాసానికి ఒక రేటు, కమర్షియల్‌కు ఇంకో రేటు. కట్టడానికి మళ్లీ విడిగా చదరపు అడుగు లెక్క. రాష్ట్రంలో ఈ విలువలను 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించారు. మీ వీధి విలువ ఎంతో ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

రెండోది మున్సిపాలిటీ. ఒకప్పుడు ఇంటి పన్నును అద్దె విలువ ఆధారంగా వేసేవారు. 2021-22 నుంచి ఆస్తి మూలధన విలువ ఆధారంగా వేసే పద్ధతి తెచ్చారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు. అంటే బజార్‌లో ఉన్న ఇంటికి రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే, ఆ వేడి పన్ను నోటీసుకూ తగులుతుంది.

ఈ రెండు లెక్కల వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే.. 'ఈ స్థలంలో ఎంత వ్యాపారం చేయొచ్చు? అమ్మితే ఎంత వస్తుంది?' హోమ్ ఎక్స్ఛేంజ్ వెనక ఉన్న ప్రశ్న వేరు.. 'ఇక్కడ పడుకుని లేచి, పొద్దున్నే ఎక్కడికి వెళ్లొచ్చు?'

ఇప్పుడు ఈ రెండో ప్రశ్నను మూడు ఊళ్లకు వేసి చూద్దాం.

హిందూపురం: బజార్ కంటే లేపాక్షి రోడ్డుకే మొగ్గు?

హిందూపురం వ్యాపారపు ఊరు. చింతపండు, బెల్లం, మిర్చి మార్కెట్‌కు పేరు. బజార్ స్థలాలకు విలువ తెచ్చింది ఆ వ్యాపారమే. కానీ వారం రోజుల సెలవుకు వచ్చే కుటుంబానికి చింతపండు మార్కెట్‌తో ఏం పని? తెల్లవారుజామునే మొదలయ్యే లారీల హారన్, కారు పెట్టుకోవడానికి చోటు లేకపోవడం.. ఇవి వాళ్లకు మైనస్‌లు.

వాళ్లు రావడానికి ఉన్న పెద్ద కారణం లేపాక్షి. సుమారు 15 కిలోమీటర్ల దూరం. వేలాడే స్తంభం, ఏకశిలా నంది, వీరభద్రస్వామి గుడి పైకప్పు మీది చిత్రాలు.. 2022లో లేపాక్షి యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. ఇంకో ప్లస్ బెంగళూరు ఎయిర్‌పోర్ట్. అది సిటీకి ఉత్తరాన దేవనహళ్లిలో ఉంది, అంటే హిందూపురం వైపే. విమానం దిగినవాళ్లు బెంగళూరు ట్రాఫిక్‌లోకి వెళ్లకుండానే ఇటు వచ్చేయొచ్చు.

కాబట్టి హిందూపురంలో అతిథికి 'సెంటర్' అంటే బజార్ కాదు. లేపాక్షికి, హైవేకు ఈజీగా వెళ్లగలిగే, పార్కింగ్ ఉన్న, నిశ్శబ్దంగా ఉండే వీధి.

పెనుకొండ: కోట ఒక సెంటర్, కియా ఒక సెంటర్

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని హంపి నుంచి పెనుకొండకు మారింది. గగన్ మహల్, కొండ మీద కోట, జైన ఆలయం, బాబయ్య దర్గా.. ఊళ్లో ఉన్న పాత ఇంటి నుంచి వీటిలో కొన్నింటికి నడిచే వెళ్లొచ్చు. యూరప్ సిటీ సెంటర్ లాజిక్ మూడు ఊళ్లలో కాస్తోకూస్తో పనిచేసేది ఇక్కడే. చిన్న ఊరు, గజం ధర తక్కువ, కానీ చూడాల్సినవి గుమ్మం ముందే.

మరి కియా సంగతి? ఎర్రమంచి దగ్గర కొరియా కంపెనీ కార్ల ప్లాంట్ 2019లో మొదలైంది. ఆ తర్వాత జాతీయ రహదారి 44 వెంట భూముల గురించి మాట్లాడే తీరే మారిపోయింది. కానీ ఫ్యాక్టరీ పని మీద వచ్చేవాళ్లకు బస ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది. వాళ్లకు కావాల్సింది హోటల్ లేదా నెలవారీ అద్దె ఇల్లు. ఇంటికి ఇల్లు మార్చుకునే అవసరం వాళ్లకు ఉండదు. అద్దెకు ఇవ్వాలనుకుంటే కియా రోడ్డు, మార్పిడికి పెట్టాలనుకుంటే కోట వీధి. రెండూ ఒకే ఊళ్లో ఉన్నా రెండు వేర్వేరు మార్కెట్లు.

ధర్మవరం: మగ్గం గదికి పాయింట్లు ఎవరిస్తారు?

ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. పెళ్లి చీరల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఊరు పెద్ద రైల్వే జంక్షన్ కూడా. గుంతకల్లు, బెంగళూరు, తిరుపతి వైపు రైళ్లు ఇక్కడి నుంచే మలుపు తీసుకుంటాయి. పుట్టపర్తి దగ్గర్లోనే ఉంది. వినడానికి అన్నీ ప్లస్సులే.

కానీ ఇక్కడ పాయింట్ల లెక్కలో ఒక పెద్ద గ్యాప్ కనిపిస్తుంది. నేత కుటుంబాల ఇళ్లలో మంచి గది, వెలుతురున్న గది మగ్గానిది. మంచం వేయడానికి అక్కడ చోటుండదు. పడుకునే చోట్లు తగ్గితే పాయింట్లు తగ్గుతాయి. ఆ ఇంటికి కూడు పెట్టే గదికి వెబ్‌సైట్ లెక్కలో విలువ దాదాపు ఉండదు. పైగా సగం నేసిన చీరను మగ్గం మీద వదిలేసి, ఇల్లు వారం రోజులు అప్పగించి వెళ్లడం అయ్యే పనేనా? ఒక విదేశీ అతిథికి బహుశా ఆ మగ్గమే అన్నిటికంటే ఇష్టంగా చూడాలనిపించే వస్తువు. అయినా 'సౌకర్యాల' లిస్టులో దానికి గడి లేదు.

పుట్టపర్తికి వచ్చే భక్తుల మీద లెక్క వేసుకునేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. నవంబర్ 23న సత్యసాయి జయంతి లాంటి రోజుల్లో రద్దీ నిజమే. కానీ ఆశ్రమంలోనే బస ఉంది. చాలామంది కోరుకునేది కూడా ప్రశాంతి నిలయం లోపల ఉండడమే.

లెక్క వేసి చూస్తే..

అర్థం కావడానికి మాత్రమే కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఏ వెబ్‌సైట్ ఇచ్చినవీ కావు.

• హిందూపురం మెయిన్ బజార్, షాపు పైన రెండు గదులు, ముగ్గురు పడుకోవచ్చు: రాత్రికి 70 పాయింట్లు
• లేపాక్షి రోడ్డు, మూడు బెడ్‌రూమ్‌లు, ఆరుగురు పడుకోవచ్చు, పార్కింగ్, వైఫై, ఇన్వర్టర్: రాత్రికి 120 పాయింట్లు
• ప్యారిస్ సెంటర్‌లో నలుగురు ఉండే ఫ్లాట్: రాత్రికి 200 పాయింట్లు

ప్యారిస్‌లో వారం ఉండాలంటే 1,400 పాయింట్లు కావాలి. బజార్ ఇంటివాళ్లు అందుకోసం 20 రాత్రులు ఇల్లు ఇవ్వాలి. లేపాక్షి రోడ్డువాళ్లకు 12 రాత్రులు చాలు. అమ్మితే బజార్ ఇంటికే ఎక్కువ డబ్బు రావొచ్చు. కానీ ఇక్కడ వాళ్లే ఎనిమిది రాత్రులు అదనంగా ఇవ్వాలి.

ఇంకో చేదు నిజం. రాత్రికి 120 పాయింట్లు అని స్క్రీన్ మీద కనిపించడం వేరు, అతిథి రావడం వేరు. ఎవరూ అడగకపోతే ఆ పాయింట్లు కాగితం మీద అంకెలే. చిన్న ఊళ్లకు అసలు సమస్య తక్కువ విలువ కాదు, తక్కువ డిమాండ్.

మరి చిన్న ఊరివాళ్లకు దారే లేదా?

ఉంది. అది మొదటి పద్ధతి. నేరుగా మార్పిడి. అందులో పాయింట్లు చూసేవాళ్లు ఉండరు. లేపాక్షి శిల్పకళ మీద ఇష్టం ఉన్న ఒక రిటైర్డ్ టీచర్ పుణెలోనో, పోర్చుగల్‌లోనో దొరికితే చాలు. వేల మందికి నచ్చక్కర్లేదు, ఒక్కరికి నచ్చితే సరిపోతుంది. అందుకే ప్రొఫైల్‌లో 'బస్టాండ్‌కు దగ్గర, మెయిన్ రోడ్డు ఫేసింగ్' అని రాయడం కన్నా, 'లేపాక్షికి 15 కిలోమీటర్లు, పక్క వీధిలో పట్టు మగ్గాలు, కోటకు నడిచి వెళ్లొచ్చు' అని రాయడం మేలు. మొదటిది కొనేవాడికి చెప్పే మాట. రెండోది అతిథికి చెప్పే మాట.

ఇల్లు పెట్టే ముందు ఇవి చూసుకోండి

• ఇల్లు ఎవరి పేరున ఉంది? అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకోవాలి. ఉమ్మడి ఆస్తి అయితే మిగతావాళ్లకు ముందే చెప్పాలి. తర్వాత వచ్చే గొడవకు పాయింట్లు అక్కరకు రావు.

• విదేశీయులు దిగితే పోలీసులకు సమాచారం ఇవ్వాలి. ఫారం సీ పేరుతో తెలిసిన ఈ వివరాలను అతిథి వచ్చిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. హోటళ్లే కాదు, వ్యక్తిగత ఇళ్లు కూడా ఈ పరిధిలో ఉన్నాయి. విదేశీయుల రాకపోకలపై కొత్త చట్టం 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి ఇంటికి పిలవడానికి ముందే లోకల్ స్టేషన్‌లో అడిగి, ఇప్పటి నిబంధన ఏంటో తెలుసుకోవడం మంచిది. డబ్బు తీసుకోలేదు కదా అని వదిలేయొద్దు.

• వంటిల్లు, పూజగది విషయం ముందే రాసి పెట్టండి. మాంసాహారం వండొచ్చా లేదా, ఏ గది తాళం వేసి ఉంటుంది అన్నది మొహమాటం లేకుండా చెప్పాలి. వచ్చాక చెబితే ఇద్దరికీ ఇబ్బందే.

• నీళ్లు, కరెంటు గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. మున్సిపల్ నీళ్లు ఏ రోజు వస్తాయి, ట్యాంకర్ ఎవరికి ఫోన్ చేయాలి, మోటార్ ఎలా వేయాలి అని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. అనంతపురం సీమలో వేసవి అంటే ఏంటో బయటివాళ్లకు తెలియదు.

• మెంబర్‌షిప్ ఫీజు చూసుకోండి. హోమ్‌ఎక్స్ఛేంజ్‌లో ఇల్లు లిస్ట్ చేయడం ఫ్రీయే. ఎక్స్ఛేంజ్ ఖాయం చేసుకునేటప్పుడు మాత్రం ఏడాది ఫీజు కట్టాలి. అది అమెరికాలో 200 డాలర్లకు పైనే. ఏడాదికి ఒక్క ట్రిప్ కూడా కుదరకపోతే ఆ డబ్బు దండగే.

మొత్తంగా చెప్పాలంటే..

రిజిస్ట్రేషన్ ఆఫీసు స్థలాన్ని చూస్తుంది. మున్సిపాలిటీ ఆస్తిని చూస్తుంది. హోమ్ ఎక్స్ఛేంజ్ మంచాన్ని, కిటికీని, అక్కడి నుంచి నడిచి వెళ్లే దారిని చూస్తుంది. తాత కట్టించిన బజార్ ఇల్లు తక్కువ పాయింట్లు తెచ్చుకుందంటే ఆ ఇల్లు విలువ తక్కువని అర్థం కాదు. దాని విలువ వేరే లెక్కలో ఉందని మాత్రమే. అలాగే ఊరి చివర బ్యాంకు లోన్‌తో కట్టుకున్న మామూలు ఇల్లు పనికిరాదనీ కాదు. ఫ్రీ ట్రిప్ వీడియో చూసి లిస్ట్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.. ఊరు తెలియని మనిషి మన ఇంట్లో నిద్రలేస్తే, ఆ రోజంతా చూడటానికి ఏముంది? దానికి గట్టి సమాధానం ఉంటే ఇల్లు బజార్‌లో ఉన్నా లేకపోయినా పని జరుగుతుంది.